జిడ్డు మరక ఎందుకంత మొండిది?

పదో తరగతి కుర్రాడొకడు రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చాక కారణం అడిగితే తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి మెల్లగా చెప్పాడు. దారిలో సైకిల్ చెయిన్ ఊడితే తనే ఎక్కించుకున్నాడట. చేతికంటిన నల్లటి గ్రీజు తెల్లచొక్కాకు అంటింది. ఇంటికెళ్ళి సబ్బు రుద్ది బండకేసి బాదాడు; పోలేదు. ఎండలో ఆరేసి ఇస్త్రీ చేశాడు. మరక ఇంకా ముదిరింది. ఎవరో చెబితే బ్లీచింగ్ పౌడరును ముద్దగా కలిపి పట్టించి, రాత్రంతా ఉంచాడు. తెల్లారి పిండేసరికి మరక ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ గుడ్డ మాత్రం చివికిపోయింది. వాడికున్నవి రెండే యూనిఫారం చొక్కాలు.

నన్ను బాధపెట్టింది చొక్కా ఒక్కటే కాదు. అంతకు వారం ముందే "సబ్బు మురికిని ఎలా తొలగిస్తుంది?" అన్న ప్రశ్నకు పటం గీసి మరీ పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడు వాడే! పాఠం జవాబు పత్రం దాకా వెళ్ళింది గాని, పెరట్లో బట్టలుతికే బండ దాకా వెళ్ళలేదు. ఆ లోపం వాడిది కాదు, పాఠం చెప్పిన నాది. అందుకే ఈసారి ఆ పాఠాన్ని బండ దగ్గర నుంచే మొదలుపెడదాం.

నీటికీ నూనెకూ ఎందుకు పొసగదు?

ఒక సీసాలో సగానికి నీళ్ళు పోసి, చెంచాడు నూనె వేసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. కలిసినట్టే కనిపిస్తాయి. కాసేపు కదపకుండా ఉంచితే నూనె మళ్ళీ పైకి తేలి వేరుపడుతుంది.

ఎందుకని? నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొద్దిగా ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం ఉంటాయి. అందువల్ల నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకుంటాయి. నూనె అణువులో ఎక్కువ భాగం కార్బన్, హైడ్రోజన్ల పొడవాటి గొలుసులే. వాటిలో అలాంటి ఆవేశాల తేడా దాదాపు లేదు. నీటి అణువులు తమ జట్టును వదిలి నూనెకు చోటివ్వవు. బట్టకు అంటిన జిడ్డుపై ఎన్ని బిందెల నీళ్ళు పోసినా జరిగేది ఇదే.

ఇప్పుడు అదే సీసాలో కాస్త సబ్బునీరు పోసి మళ్ళీ గిలకొట్టండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. ఈసారి నూనె అంత తొందరగా వేరుపడదు.

సబ్బు అణువును తోకకప్పలా ఊహించుకోండి. దాని తలకు నీరంటే ఇష్టం. పొడవాటి తోకకు నూనెంటే ఇష్టం. తోకలన్నీ జిడ్డులోకి గుచ్చుకుంటాయి, తలలన్నీ బయట నీటివైపు ఉంటాయి. అలా సబ్బు అణువులు చుట్టుముట్టిన చిన్న గోళాన్నే మిసెల్ అంటాం. చేత్తో రుద్దినప్పుడు జిడ్డు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి, ఈ గోళాలలో చిక్కుకుని నీటితో కొట్టుకుపోతుంది.

మరో వింత ఏమిటంటే, సబ్బు కూడా నూనె బిడ్డే! నూనెలు, కొవ్వులు క్షారంతో కలిసినప్పుడు విడిపోయి సబ్బు, గ్లిజరిన్ ఏర్పడతాయి. కొవ్వుల నిర్మాణంపై ఫ్రాన్సు శాస్త్రవేత్త షెవ్రేల్ తన పరిశోధనలను 1823లో పుస్తకంగా ప్రకటించాడు. అది తెలియక ముందే మన చాకిరేవుల్లో చౌడుమన్నుతో బట్టలుతికేవారు. చౌడులో సోడియం కార్బొనేట్ అనే క్షార లవణం ఉంటుంది. కుంకుడుకాయ నురగలో ఉన్న సపోనిన్లకు కూడా సబ్బులాగే తల, తోక గుణాలున్నాయి.

సైకిల్ గ్రీజు కథ వేరు

అంతా సబ్బే చేస్తే మా కుర్రాడి చొక్కా ఎందుకు శుభ్రపడలేదు?

సైకిల్ షాపులో కొత్త గ్రీజు డబ్బా తీసి చూడండి. సాధారణంగా అది తేనె రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉంటుంది. చెయిన్ మీద అది నల్లబడేది దారిలో అంటిన దుమ్ము వల్ల, చెయిన్ అరిగి రాలిన సన్నని ఇనుప రేణువుల వల్ల. అంటే నలుపుకు కారణం ఆ రేణువులు. వాటిని దారాలకు అతికించి ఉంచే జిగురు గ్రీజు. ముందు జిగురును వదులు చేయకపోతే రేణువులు కదలవు. బ్లీచింగ్ పౌడరు రంగులను విరగ్గొడుతుంది గాని నూనెను కరిగించదు, ఇనుప రజనును కదపదు. మోతాదు మించితే నూలు దారాన్ని తినేస్తుంది. వాడి చొక్కాకు జరిగింది ఇదే.

పైగా గ్రీజు మామూలు నూనె కాదు. ఖనిజ నూనెను లిథియం, కాల్షియం వంటి లోహాల సబ్బులతో చిక్కబరచి చాలా రకాల గ్రీజులను తయారుచేస్తారు. ఈ లోహపు సబ్బులు వానకు తేలిగ్గా కొట్టుకుపోవు. అందుకే అవి చెయిన్‌కు మేలు, చొక్కాకు కీడు.

గుడ్డ రకాన్ని బట్టి కూడా మొండితనం మారుతుంది. నూలు దారానికి నీరంటే ఇష్టం. పాలియెస్టర్‌కు నూనెంటే ఇష్టం. ఆ కలనేత చొక్కాలు జిడ్డును అంత సులభంగా వదలవు.

ఇక ఇస్త్రీ. వేడికి గ్రీజు పలచబడి దారాల లోపలికి ఇంకుతుంది. వంటనూనె మరకైతే మరో చిక్కు. పొద్దుతిరుగుడు వంటి నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా గట్టిపడతాయి. వేడి, ఎండ ఈ చర్యను త్వరపెడతాయి. అవిసె నూనె రంగులు తలుపుల మీద గట్టిపడేది ఇలాగే. కాబట్టి మరక పోకముందు ఎండా వద్దు, ఇస్త్రీ వద్దు.

వదిలించే వరస

"నూనెను నూనె కరిగిస్తుంది, కరిగిన నూనెను సబ్బు మోసుకుపోతుంది." ఈ ఒక్క వాక్యం గుర్తుంటే వరస తప్పదు.

1. పైన పేరుకున్న గ్రీజును చెంచా అంచుతో గీకి తీయండి. రుద్దకండి, రుద్దితే మరక వెడల్పవుతుంది.

2. మరక కింద పాత గుడ్డ మడిచి పెట్టండి. పైన సుద్దపొడి గాని, టాల్కం పౌడరు గాని చల్లి అరగంట ఉంచి దులపండి. సన్నని పొడి జిడ్డును పీల్చుకుంటుంది. వంటనూనె మరకైతే సగం పని ఇక్కడే అయిపోతుంది.

3. నల్లటి గ్రీజైతే నాలుగు చుక్కల కొబ్బరి నూనె వేసి, వేలితో మెల్లగా అద్ది పది నిమిషాలు ఆగండి. వదులైన నలుపును పాత గుడ్డతో ఒత్తి తీయండి. మరక మీద మళ్ళీ నూనె వేయడమేమిటని అమ్మ కోప్పడితే పై వాక్యం చెప్పండి!

4. తర్వాత నీళ్ళు తగలనివ్వకుండా, గిన్నెలు తోమే ద్రవపు సబ్బును నేరుగా మరక మీద వేసి, అంచు నుంచి మధ్యకు రుద్దండి. పావుగంట నాననివ్వండి.

5. గుడ్డ తట్టుకోగలిగినంత గోరువెచ్చని నీటితో జాడించండి. తడిగా ఉండగానే వెలుతురుకు పెట్టి చూడండి. మరక కనిపిస్తే మళ్ళీ నాలుగో మెట్టు దగ్గర మొదలుపెట్టండి. అప్పటికీ మిగిలితే నీడనే ఆరనివ్వండి.

రంగు బట్టలైతే ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించాలి. పట్టు, ఉన్ని బట్టల మీద ఈ ప్రయోగాలు చేయకండి. మీ ఊరి నీళ్ళు కఠిన జలమైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. అప్పుడు డిటర్జెంటు వాడటం మంచిది.

ఆవకాయ మరకలో జిడ్డుతో పాటు రంగు కూడా ఉంటుంది. పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు సబ్బు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. అది చూసి కంగారుపడకండి. ముందు జిడ్డును పూర్తిగా వదిలించి, తెల్లబట్ట అయితే అప్పుడు ఎండలో వేయండి. కర్‌క్యుమిన్‌ను ఎండ విరగ్గొడుతుంది. జిడ్డుకు ఎండ తోడవుతుంది, పసుపుకు శత్రువవుతుంది. అందుకే వరస ముఖ్యం.

రెండు హెచ్చరికలు. గ్రీజును కరిగిస్తుంది గదా అని పెట్రోలు, కిరోసిన్ ముట్టుకోవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేల వెంట పాకి దూరంగా ఉన్న పొయ్యి మంటను కూడా అందుకోగలదు. అలాగే బ్లీచింగ్ పౌడరును నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం వంటి వాటితో ఎన్నడూ కలపవద్దు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

గిన్నెల తొట్టిలో పుట్టిన శాస్త్రం

జర్మనీలోని బ్రన్స్‌విక్ పట్టణంలో ఆగ్నెస్ పోకెల్స్ అనే అమ్మాయి ఉండేది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. జబ్బుపడిన తల్లిదండ్రులను చూసుకుంటూ, ఇంటిపని చేసుకుంటూ, నీటి మీద జిడ్డు పొర పరుచుకున్నప్పుడు నీటి తలతన్యత ఎలా మారుతుందో గమనించింది. రేకు తొట్టి, చిన్న త్రాసు, గుండీ అంత బిళ్ళ, ఇవే ఆమె పరికరాలు. తన ఫలితాలను 1891లో ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరంగా రాసింది. ఆయన దాన్ని "నేచర్" పత్రికకు పంపగా ఆ ఏడాదే అచ్చయింది. 1932లో ఆమె ఊరి సాంకేతిక విద్యాలయమే ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

చొక్కా సంగతి తెలిసిన మరుసటి వారం మా తరగతిలో నాలుగు పాత గుడ్డముక్కలకు చెయిన్ గ్రీజు పూశాం. ఒకదాన్ని ఉత్త నీళ్ళతో, ఒకదాన్ని సబ్బుతో, ఒకదాన్ని కొబ్బరి నూనె తర్వాత సబ్బుతో ఉతికాం. నాలుగో దాన్ని ముందు ఇస్త్రీ చేసి తర్వాత సబ్బుతో ఉతికాం. నాలుగో ముక్క ఉతికింది ఆ కుర్రాడే. ఏ ముక్క బాగా తెల్లబడిందో, ఏది తెల్లబడలేదో నేను చెప్పను. మీరూ నాలుగు ముక్కలు తీసుకుని ఉతికి, ఆరాక నోటుపుస్తకంలో అతికించి, పక్కన కారణం రాయండి. ఈ పాఠానికి అదే అసలైన జవాబు పత్రం.