సూరత్ నుంచి విదేశీ యాత్ర: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ జారిపోతుంది?

సూరత్ నగరం నుంచి డుమస్ సముద్రతీరానికి వెళ్లే దారిలోనే విమానాశ్రయం ఉంది. నల్ల ఇసుకకు, టమాటా భజియాలకు పేరుపడిన ఈ తీరానికి ఆదివారం సాయంత్రం వచ్చే కుటుంబాలకు తలపై నుంచి దిగే విమానాలు కొత్త కాదు. కొత్తగా మారింది ఆ విమానాలు వెళ్లే చోటు. 2019 ఫిబ్రవరిలో షార్జాకు, 2023 డిసెంబరులో దుబాయికి, 2024 డిసెంబరులో బ్యాంకాక్‌కు ఇక్కడి నుంచి నేరుగా సర్వీసులు మొదలయ్యాయి. 2023 డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వం దీనికి అంతర్జాతీయ విమానాశ్రయ హోదా ఇచ్చింది.

లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మగ్గాల మీద, వస్త్ర వ్యాపారం మీద బతికే ఈ కుటుంబాలకు విదేశీ యాత్ర అంటే ఏళ్ల తరబడి కట్టిన చీటీ డబ్బు, లేదా పిల్లల చదువు కోసం దాచిన సొమ్ములో ఒక భాగం. కాబట్టి ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్న కన్నా, అందులో అనవసరంగా పోయేది ఎంత అన్న ప్రశ్న ముఖ్యం.

ఆ అనవసరపు ఖర్చు సాధారణంగా ఆరు చోట్ల పుడుతుంది: ప్రయాణ తేదీ, బయలుదేరే ఊరు, ప్యాకేజీపై పన్ను, డబ్బు మార్పిడి, పత్రాలు, అప్పు.

దీపావళి సెలవుల ధర

సూరత్‌లో మగ్గాలు, వజ్రాల కార్ఖానాలు, దుకాణాలు దాదాపు ఒకేసారి మూతపడేది దీపావళికి. లాభ్ పంచమి వరకు, చాలా చోట్ల ఆ తర్వాత కూడా సెలవులే. ఊరంతా ఒకే వారంలో బయలుదేరితే టికెట్ ధర పెరగడం సహజం. విమాన సంస్థలు సీట్లను ఒకే ధరకు అమ్మవు. తక్కువ ధర సీట్లు కొన్నే ఉంటాయి, అవి అయిపోయిన కొద్దీ మిగిలినవి ఖరీదవుతాయి.

దీపావళికే వెళ్లక తప్పనివారు ముందుగా కొనడం ఒక మార్గం. పనివేళలు తమ చేతిలో ఉన్నవారికి అంతకన్నా మంచి మార్గం మరొకటి ఉంది: లాభ్ పంచమి దాటిన తర్వాత, పాఠశాలలు తెరుచుకున్నాక బయలుదేరడం. నవంబరు రెండో సగంలో దుబాయి వాతావరణం కూడా హాయిగానే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ హోటల్ గదులు చవకగా దొరుకుతాయి కానీ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబం పగలంతా గదికే పరిమితమైతే ఆ చవక వల్ల ప్రయోజనం ఉండదు.

సూరత్ నుంచా, ముంబయి నుంచా?

టికెట్ ధర ఒక్కటే చూస్తే చాలాసార్లు ముంబయి చవకగా కనిపిస్తుంది. అక్కడి నుంచి విమానాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ. అయితే పోల్చవలసింది ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం వరకు అయ్యే మొత్తం ఖర్చును.

సూరత్ నుంచి ముంబయి సుమారు 265 కిలోమీటర్లు. నలుగురి రైలు ఛార్జీ, స్టేషను నుంచి విమానాశ్రయానికి ట్యాక్సీ, రైలు ఆలస్యం కావచ్చన్న భయంతో ముందుగానే చేరి గడిపే గంటలు, తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇదే ఖర్చు కలపాలి. ఈ లెక్క వేశాక నలుగురికీ కలిపి ముంబయిలో మిగిలేది కొద్ది మొత్తమే అయితే సూరతే మేలు. తేడా పెద్దదైతే ముంబయికి వెళ్లవచ్చు. అలాంటప్పుడు ముంబయి సెంట్రల్ వరకు పోకుండా బోరివలిలో దిగితే విమానాశ్రయం దగ్గరవుతుంది.

ఒక జాగ్రత్త అవసరం. రైలు ఆలస్యమై విమానం తప్పిపోతే విమాన సంస్థ బాధ్యత వహించదు. రెండు వేర్వేరు విమాన టికెట్లు కొని మధ్యలో మారేవారికీ ఇదే వర్తిస్తుంది.

దుబాయికి వెళ్లేవారు షార్జా ధరను కూడా చూడాలి. రెండు నగరాలూ పక్కపక్కనే ఉన్నాయి. సామాను బరువు పరిమితి, సీటు ఎంపిక, భోజనం టికెట్‌లో ఉన్నాయో లేదో చూసిన తర్వాతే ఏది చవకో తేల్చుకోవాలి. అదనపు సామానుకు విమానాశ్రయంలో కట్టే రుసుము, ముందుగా ఆన్‌లైన్‌లో కట్టే దానికన్నా సాధారణంగా చాలా ఎక్కువ.

ప్యాకేజీపై వసూలయ్యే పన్ను తిరిగి వస్తుందా?

విదేశీ పర్యటన ప్యాకేజీ కొన్నప్పుడు టూర్ సంస్థ ధరతో పాటు టీసీఎస్, అంటే మూలం వద్ద వసూలు చేసే పన్ను తీసుకుంటుంది. 2023 అక్టోబరు నుంచి ఇది మొదటి 7 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతంగా ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు. 2026 బడ్జెట్‌లో మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతానికి తగ్గించారు. అంటే 3 లక్షల ప్యాకేజీపై 15 వేలుగా ఉన్న వసూలు 6 వేలకు దిగింది.

ఇది ఖర్చు కాదు, ముందస్తు పన్ను. కొన్నవారి పాన్ నంబరు మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే కట్టవలసిన పన్నులో సర్దుబాటవుతుంది, పన్ను లేకపోతే తిరిగి వస్తుంది. తమ ఆదాయం పన్ను పరిధిలో లేదు కదా అని రిటర్ను వేయనివారు ఈ డబ్బును పోగొట్టుకుంటారు. పైగా ఏడాదిలో విదేశీ ప్రయాణంపై 2 లక్షలకు మించి ఖర్చు చేసినవారు ఆదాయంతో సంబంధం లేకుండా రిటర్ను దాఖలు చేయాలని చట్టం చెబుతోంది.

విమాన టికెట్ ఒక్కటే, లేదా హోటల్ ఒక్కటే విడిగా కొంటే అది ప్యాకేజీ కిందకు రాదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 జూన్‌లో స్పష్టత ఇచ్చింది.

ప్యాకేజీ ధరలో లేనివి ఏమిటన్నది కూడా రాతపూర్వకంగా అడగాలి. దుబాయిలో హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల పర్యాటక రుసుము ఉంటుంది. మలేసియాలో విదేశీయుల నుంచి గదికి రాత్రికి 10 రింగిట్లు తీసుకుంటారు. చాలాచోట్ల వీటిని హోటల్‌లోనే కట్టించుకుంటారు.

కార్డు గీకినప్పుడు ఏం జరుగుతుంది?

అనేక క్రెడిట్ కార్డులపై విదేశీ కరెన్సీ లావాదేవీకి 3.5 శాతం వరకు రుసుము, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ ఉంటాయి. లక్ష రూపాయలు ఖర్చు పెడితే రుసుము 3,500, దానిపై జీఎస్టీ 630, మొత్తం 4,130 రూపాయలు అదనం. ఈ రుసుము తక్కువగా ఉన్న, లేదా అసలే లేని కార్డులు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. బయలుదేరే ముందు బ్యాంకును అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

రెండో ఉచ్చు దుకాణంలో ఎదురవుతుంది. బిల్లును స్థానిక కరెన్సీలో కడతారా, రూపాయల్లో కడతారా అని యంత్రం అడుగుతుంది. రూపాయల్లో అంకె కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది, కానీ అప్పుడు మారకపు రేటును నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, అక్కడి చెల్లింపుల సంస్థ. ఆ రేటు సాధారణంగా నష్టదాయకం. స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. ఏటీఎంలోనూ ఇదే నియమం.

నగదు విషయంలో మూడు పరిమితులు గుర్తుంచుకోవాలి. ఒక ప్రయాణానికి సాధారణంగా 3,000 అమెరికన్ డాలర్లకు సమానమైన విదేశీ నోట్లను మాత్రమే తీసుకెళ్లవచ్చు. భారతీయ కరెన్సీ 25 వేల రూపాయలకు మించకూడదు. విదేశీ మారకం కొనేటప్పుడు 50 వేలు, ఆపైన మొత్తాన్ని నగదుగా చెల్లించడానికి వీల్లేదు.

నోట్లు మార్చుకునేటప్పుడు నగరంలో రెండు మూడు అధీకృత కేంద్రాలను పోల్చాలి. 'కమీషన్ లేదు' అన్న మాటకు విలువ లేదు, ఎందుకంటే కమీషన్‌ను రేటులోనే కలిపేయవచ్చు. ఫలానా మొత్తం రూపాయలకు అన్నీ పోను చేతికి ఎన్ని దిర్హమ్‌లు, ఎన్ని బాత్‌లు వస్తాయన్నదే అడగాలి.

యూఏఈ, సింగపూర్, శ్రీలంక, మారిషస్, నేపాల్, భూటాన్ వంటి దేశాల్లో కొన్ని దుకాణాల వద్ద యూపీఐ పనిచేస్తుంది. అయితే అన్నిచోట్లా ఉండదు కాబట్టి దానిపైనే ఆధారపడకూడదు.

పత్రాల్లో పొరపాటు ఎంత ఖరీదు?

పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్‌లో మరో 2,000 కలుస్తుంది. నెలల ముందే దరఖాస్తు చేస్తే ఈ అదనం అక్కర్లేదు. సూరత్‌లోనే ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉంది. 2018 జూన్ నుంచి దేశంలో ఎక్కడి నుంచైనా దరఖాస్తు చేసుకోవచ్చు కనుక, ఇందుకోసం సొంతూరికి వెళ్లనవసరం లేదు. దరఖాస్తులో రాసిన చిరునామాలోనే పోలీసు విచారణ జరుగుతుందన్నది మాత్రం గమనించాలి.

పదో తరగతి పూర్తి చేయనివారి పాస్‌పోర్టు సాధారణంగా 'ఈసీఆర్' విభాగంలోకి వస్తుంది. యూఏఈ, థాయిలాండ్, మలేసియా ఈ నిబంధన వర్తించే దేశాల జాబితాలో ఉన్నాయి. ఉద్యోగానికి కాకుండా విహారానికి వెళ్లేవారికి వలస అనుమతి అవసరం లేదు కానీ, తిరుగు టికెట్, వీసా అవసరమైన చోట వీసా చూపాలి. ఒకవైపు టికెట్ మాత్రమే కొని విమానాశ్రయానికి వెళితే యాత్ర అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

భారతీయులకు థాయిలాండ్ 2023 నవంబరులో, మలేసియా అదే ఏడాది డిసెంబరులో వీసా లేని ప్రవేశం మొదలుపెట్టాయి. ఈ సడలింపుల గడువు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ దేశ రాయబార కార్యాలయ ప్రకటన చూడాలి. ఈ రెండు దేశాలతో పాటు సింగపూర్ కూడా కోరే డిజిటల్ ఆగమన పత్రాన్ని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపడం పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదు.

ఐరోపా షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. వీసా తిరస్కరించినా అది తిరిగి రాదు. నలుగురి కుటుంబం ఆ ప్రయత్నానికి ముందు రద్దు చేసుకోగల హోటల్ బుకింగులనే ఎంచుకోవడం మంచిది.

తక్కువ ధరకు, లేదా ఉచితంగా బ్యాంకాక్ తీసుకెళ్లి ఉద్యోగం కూడా ఇప్పిస్తామనే వారిని నమ్మరాదు. అలా వెళ్లి మయన్మార్ సైబర్ మోసాల శిబిరాల్లో చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో ప్రభుత్వం వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఎక్కడ పొదుపు చేయకూడదు?

ప్రయాణ బీమాలో. విదేశంలో ఒక్కరోజు ఆసుపత్రి ఖర్చు మొత్తం యాత్ర ఖర్చును మించిపోవచ్చు. రక్తపోటు, మధుమేహం వంటి పాత వ్యాధులను దాచి కొన్న పాలసీ అవసర సమయంలో అక్కరకు రాదు. అవి ఉన్నా వర్తించే పాలసీకి కొంచెం ఎక్కువ కట్టడమే నిజమైన పొదుపు.

వంటింటి సామాను తీసుకెళ్లడం వల్ల భోజనం ఖర్చు తగ్గుతుంది. వంటగది ఉన్న గది తీసుకుంటే బియ్యం, పప్పు, పచ్చళ్లతో ఒక పూట గడిచిపోతుంది. అయితే మసాలాల్లో గసగసాలు ఉండకుండా చూసుకోవాలి. యూఏఈలో అవి నిషిద్ధం. కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులకూ అక్కడ ఆంక్షలున్నాయి.

బంగారం విషయంలోనూ అపోహ ఉంది. సుంకం లేకుండా మహిళలు 40 గ్రాములు, పురుషులు 20 గ్రాముల ఆభరణాలు తేవచ్చన్న వెసులుబాటు ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవారికే. వారం రోజుల యాత్రికులకు అది వర్తించదు. ఇంటి నుంచి విలువైన నగలు వేసుకుని వెళ్లేవారు బయలుదేరేటప్పుడే కస్టమ్స్ అధికారుల వద్ద ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి వచ్చినప్పుడు అవి అక్కడ కొన్నవి కావని నిరూపించుకోవచ్చు.

అప్పు చేసి వెళ్లవచ్చా?

'ముందు ప్రయాణం, తర్వాత వాయిదాలు' అనే ప్రకటనలు పెరిగాయి. లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. 2 లక్షల వ్యక్తిగత రుణాన్ని 14 శాతం వడ్డీకి రెండేళ్ల వాయిదాలపై తీసుకుంటే నెలకు సుమారు 9,600 చొప్పున మొత్తం 2.30 లక్షలకు పైగా కట్టాలి. అంటే వడ్డీయే 30 వేలు. తేదీ మార్చి, కార్డు మార్చి, దుకాణాలు పోల్చి మిగిల్చినదంతా ఈ ఒక్క నిర్ణయంతో తుడిచిపెట్టుకుపోవచ్చు.

అదే 9,600ను 21 నెలల పాటు పక్కన పెడితే 2 లక్షలు దాటుతుంది. యాత్ర ఏడాదిన్నర పైగా ఆలస్యమవుతుంది, నిజమే. కానీ తిరిగి వచ్చిన మర్నాడు మగ్గం దగ్గర నిలబడినప్పుడు ఆ నెల కూలిలో ఎవరికీ వాటా ఉండదు.