ఆరుద్ర ఎప్పుడు ఎర్రబడింది?

నక్షత్రాల ఆయుష్షు లక్షల్లో, కోట్ల ఏళ్ళలో లెక్క. అలాంటిది ఒక చుక్క రంగు మారడం మనుషుల రాతల్లో నమోదైందంటే ఖగోళ శాస్త్రవేత్తలు ఓ పట్టాన నమ్మరు. ఆరుద్ర విషయంలో మాత్రం నమ్మక తప్పేట్టు లేదు.

మనం ఆరుద్ర అనేది ఓరియన్ వేటగాడి భుజం మీది బెటెల్‌గ్యూస్‌నే. ఇవాళ అది ఎర్రటి చుక్క. క్రీ.పూ. 100 ప్రాంతంలో చైనా చరిత్రకారుడు సిమా ఛియెన్ రంగులకు కొలబద్దలుగా కొన్ని చుక్కలను చెప్పాడు: తెలుపుకు సిరియస్, ఎరుపుకు జ్యేష్ఠ, పసుపుకు ఆరుద్ర. సిరియస్ ఇప్పటికీ తెలుపే, జ్యేష్ఠ ఎరుపే. రెండింటి దగ్గర సరిగ్గా చూసిన కన్ను మూడోదాని దగ్గర పొరబడిందంటే ఎలా? పైగా దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ రచయిత హైజినస్ కూడా ఆరుద్రను పసుపుపచ్చని శనిగ్రహంతో పోల్చాడు. 16వ శతాబ్దానికి వచ్చేసరికి ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీకి అది రోహిణి కంటే ఎర్రగా కనిపించింది.

జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ నాయ్‌హాయిజర్ బృందం 2022లో ఈ సాక్ష్యాలను నక్షత్ర పరిణామ లెక్కలతో సరిచూసింది. గర్భంలో హైడ్రోజన్ అయిపోయాక అక్కడి పదార్థం కుంచించుకుపోతుంది, పై పొరలు ఉబ్బి చల్లబడతాయి. అప్పుడే పసుపు ఎరుపవుతుంది. భారీ నక్షత్రాలు ఈ మలుపును కొన్ని వేల ఏళ్ళలోనే దాటేస్తాయి కాబట్టి ఆ దశలో ఉన్నవి దొరకడం అరుదు. ఆరుద్ర ఇటీవలే దాన్ని దాటిందనుకుంటే, దాని ద్రవ్యరాశి సుమారు 14 సూర్యులంత, వయసు 1.4 కోట్ల ఏళ్ళు అని తేలింది. ఆ లెక్కన పేలడానికి ఇంకా 15 లక్షల ఏళ్ళు పడుతుంది. 2019 చివర్లో అది మసకబారినప్పుడు ఇక పేలిపోతుందని కొందరు హడావుడి చేశారు గానీ, అడ్డుపడింది అది వెళ్ళగక్కిన ధూళే.

పాత రాతలన్నీ ఇంత నమ్మదగినవి కావు. ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ సిరియస్‌ను కూడా ఎర్రటి చుక్కల్లో చేర్చాడు. దాని జంట నక్షత్రం ఒకప్పుడు ఎర్రగా ఉన్నమాట నిజమే, కానీ ఆ దశ ముగిసి పది కోట్ల ఏళ్ళు దాటింది. దిగంతం దగ్గర సిరియస్ మిలమిల్లాడుతూ రంగులు మార్చడమో, రాతప్రతిలో తప్పో కారణమై ఉండాలి. ఒక్క సాక్షి మాట చాలదు, ఎవరూ ఎవరినీ చూసి రాయని సాక్షులు కావాలి.

టైకో పోలికను మీరే సరిచూడవచ్చు. జనవరి, ఫిబ్రవరి సాయంత్రాల్లో ఆరుద్ర, రోహిణి రెండూ ఒకే ఆకాశంలో కనిపిస్తాయి. టెలిస్కోప్ అక్కర్లేదు.