మీకు తెలుసా? సినిమా టికెట్టుతో పింగాణీ ప్లేటు!

1930లలో ఆర్థిక మాంద్యం దెబ్బకి అమెరికాలో సినిమా హాళ్లు వెలవెలబోయాయి. జనాన్ని రప్పించడానికి యజమానులు ‘డిష్ నైట్’ మొదలుపెట్టారు. వారం మధ్యలో, రద్దీ లేని రోజున టికెట్టు కొన్న ఆడవాళ్లకి ఒక పింగాణీ పాత్ర ఉచితం. ఈ వారం కప్పు, వచ్చే వారం సాసరు, ఆపై వారం ప్లేటు. సెట్టు పూర్తవ్వాలంటే వారం వారం రావాల్సిందే, సినిమా ఎంత నాసిగా ఉన్నా సరే! చీకట్లో ఒళ్లోంచి జారి ప్లేట్లు భళ్లుమనడం మామూలే.

తివాచీలు పాడవుతాయని ఒకప్పుడు పాప్‌కార్న్‌ను గుమ్మం దగ్గరే ఆపేసిన హాళ్లు కూడా, దాని అమ్మకాల్లో లాభం చూశాక ఆ మాంద్యం రోజుల్లోనే లోపలే అమ్మసాగాయి. పొట్లం 5, 10 సెంట్లు.

ఆ రోజుల్లో 10 సెంట్లంటే చిన్న మొత్తమేమీ కాదు. 1938లో వచ్చిన చట్టం నిర్ణయించిన కనీస వేతనమే గంటకి 25 సెంట్లు. వ్యవసాయ కూలీలకీ, ఇళ్లలో పనిచేసేవాళ్లకీ అదీ వర్తించలేదు.

అదే ఏడాది సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెల కూడా 10 సెంట్లే. 2024లో దాని ప్రతుల్లో ఒకటి 60 లక్షల డాలర్లకి అమ్ముడైంది. చదివేసి చిత్తుకాగితాల్లో పడేసిన పిల్లలెందరో!