కేబుల్‌లో తరంగం ఎందుకు ఆలస్యమవుతుంది?

హైదరాబాద్‌లోని మైలార్‌దేవ్‌పల్లికి దక్షిణాన శంషాబాద్‌లో 2008 మార్చిలో రాకపోకలు మొదలైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో, పొగమంచు కమ్మిన చలికాలపు తెల్లవారుజామున 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే మీదికి విమానానికి దారి చూపేది ఐఎల్‌ఎస్ అనే రేడియో ఏర్పాటు. రన్‌వే కొస దాటిన తరువాత అడ్డంగా వరుసగా నిలబెట్టిన లోకలైజర్ యాంటెనాలు 108 నుంచి 112 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలలో ఒకదానిపై, అంటే సెకనుకు సుమారు పదకొండు కోట్ల సార్లు కంపించే తరంగంపై, 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ అనే రెండు స్వరాలను ఎక్కించి పంపుతాయి. దిగివచ్చే విమానానికి మధ్యరేఖ ఎడమపక్కన మొదటి స్వరం, కుడిపక్కన రెండవది బలంగా అందుతాయి. రెండూ సరిసమానమైన చోటే మధ్యరేఖ. ఆ రేఖ పక్కకు జరగకుండా ఉండాలంటే, ట్రాన్స్‌మిటర్ గది నుంచి ఒక్కొక్క యాంటెనాకు పోయే కేబుల్‌లో తరంగం ప్రయాణానికి పట్టే కాలం, అంటే ప్రసార జాప్యం, లెక్కకట్టినట్టే ఉండితీరాలి. కేబుల్‌లోని జాప్యాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదన్న సంగతిని ఇంజనీర్లు ఒక ఘోర వైఫల్యం తరువాత గాని నమ్మలేదు.

1858 ఆగస్టులో ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్ వరకు అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ ద్వారా విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. రాగి తీగ చుట్టూ గట్టా పెర్చా అనే చెట్టుపాల బంధకం, దాని వెలుపల ఇనుప తీగల కవచం, సముద్రపు నీరు కలిసి ఆ కేబుల్‌ను వేల కిలోమీటర్ల పొడవైన విద్యుత్ నిల్వపాత్రగా మార్చాయి. ఎండిన కాలువకు నీరు వదిలితే దారిపొడవునా కాలువ నిండిన తరువాతే చివరి ఆయకట్టుకు అందినట్టు, ఇటు చివర నొక్కిన మోర్స్ చుక్క అటు చివర నెమ్మదిగా ఉబ్బి, అంతకన్నా నెమ్మదిగా తగ్గేది. ఈ జాప్యం కేబుల్ పొడవు వర్గానికి అనుపాతంలో పెరుగుతుందని, అంటే పొడవు రెట్టింపైతే జాప్యం నాలుగింతలవుతుందని భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్ అంతకు మూడు నాలుగేళ్ల ముందే గణితంతో చూపినా, కేబుల్ కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దాన్ని కొట్టిపారేసి, సంకేతాన్ని బలవంతంగా తోయడానికి సుమారు 2,000 వోల్టులు ప్రయోగించాడు. మూడు వారాలు తిరగకుండానే కేబుల్ మూగబోయింది.

థామ్సన్ లెక్కలో తీగ నిరోధానికీ, విద్యుదావేశాన్ని నిలవచేసే గుణమైన కెపాసిటెన్స్‌కూ మాత్రమే చోటుంది. ఆ రెండే ఏలే చోట తరంగవేగం పౌనఃపున్యపు వర్గమూలంతో పాటు పెరుగుతుంది. హైదరాబాద్‌లో హిందూస్థాన్ కేబుల్స్ కర్మాగారం టెలిఫోన్ శాఖకు తయారుచేసిన తరహా 0.5 మిల్లీమీటర్ల రాగి తీగల జతను తీసుకుంటే, 300 హెర్ట్జ్ మంద్రస్వరం ఒక కిలోమీటరు దాటడానికి సుమారు 48 మైక్రోసెకన్లు, 3,400 హెర్ట్జ్ తారస్వరానికి 15, ఒక మెగాహెర్ట్జ్ తరంగానికి 5 నుంచి 6 మైక్రోసెకన్లు పడతాయి. ఒకే మాటలోని స్వరాలు విడివిడిగా చేరడం వల్ల దూరపు లైన్లలో సంకేతం ఆకారం చెదిరిపోతుంది. బడి చదువు పదహారో ఏట ఆపేసిన ఆలివర్ హెవిసైడ్ 1887లో దీనికి చెప్పిన విరుగుడు ఆనాటి వారికి తలకిందులుగా తోచింది: ప్రవాహంలో మార్పును అడ్డుకునే గుణమైన ప్రేరకత్వాన్ని తగ్గించకూడదు, కావాలని పెంచాలి. బ్రిటిష్ తపాలాశాఖ పెద్దలు దాన్ని పట్టించుకోలేదు. 1900లో అమెరికాలో మైకేల్ పుపిన్ పేటెంట్ పొందిన తరువాత సుమారు 1.8 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ప్రేరకత్వాన్ని పెంచే తీగచుట్టలు బిగించడం వాడుకలోకి వచ్చింది. 88 మిల్లీహెన్రీల చుట్టలు వేస్తే పైన చెప్పిన జతలో వేగం సెకనుకు 20,000 కిలోమీటర్ల దగ్గరికి దిగిపోతుంది, అయితే మాటలోని స్వరాలన్నీ దాదాపు ఒకే వేగంతో నడుస్తాయి. వేగాన్ని వదులుకొని స్పష్టతను కొన్న ఈ బేరం ఇంజనీరింగ్ చరిత్రలోని మేలైన బేరాలలో ఒకటి. కాకపోతే ఆ చుట్టలు 3,500 హెర్ట్జ్ దాటినదాన్ని ఆపేస్తాయి కాబట్టి, బ్రాడ్‌బ్యాండ్ కాలం రాగానే వాటిని వెతికి పీకవలసి వచ్చింది.

1929లో లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఆఫెల్ పేటెంట్‌కు దరఖాస్తు చేసిన విస్తృత శ్రేణి కోయాక్సియల్ కేబుల్‌లో, అంటే నడిమి తీగ చుట్టూ బంధకం, దానిపై గొట్టంలాంటి లోహపు తొడుగు ఉన్న నిర్మాణంలో, మెగాహెర్ట్జ్‌లు దాటిన తరువాత నిరోధం మాట నడవదు. ప్రవాహం లోహపు పైపొరకే పరిమితమవుతుంది. రాగిలో 50 హెర్ట్జ్ వద్ద 9 మిల్లీమీటర్లున్న ఆ పొర మందం 110 మెగాహెర్ట్జ్ వద్ద 6 మైక్రోమీటర్లకు తగ్గుతుంది. ఇక వేగాన్ని నిర్ణయించేది బంధకమే. ఘన పాలిథీన్ నింపిన కేబుల్‌లో అది కాంతివేగంలో 66 శాతం, అంటే మీటరుకు సుమారు 5 నానోసెకన్లు. పీవీసీ గుణం పౌనఃపున్యంతో మారుతుంది కాబట్టి ఇటువంటి పనికి అది తగదు. ఖరీదైన టెఫ్లాన్‌కూ ఒక చిక్కుంది, 19 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి జాప్యంలో వంపు కనిపిస్తుంది.

ఈ విధంగా ఉన్నత పౌనఃపున్యాల వద్ద జాప్యం దాదాపు స్థిరపడినా, పొరపాటుకు ఉన్న వెసులుబాటు కుంచించుకుపోతుంది. తరంగం తన ఆవృత్తిలో ఏ బిందువు వద్ద ఉన్నదో తెలిపే కొలత దశ. పూర్తి ఆవృత్తికి 360 డిగ్రీలు. పాలిథీన్ కేబుల్ ఒక సెంటీమీటరు ఎక్కువైతే జాప్యం ఎక్కడైనా 0.05 నానోసెకన్లే పెరుగుతుంది. కాని తిరుపతి సమీపంలోని గాదంకిలో 1,024 యాంటెనాలతో 53 మెగాహెర్ట్జ్ వద్ద వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్‌లో అది ఒక డిగ్రీ దశాభేదమైతే, లోకలైజర్‌లో రెండు డిగ్రీలు, విమానం దిగే వాలును చూపే 330 మెగాహెర్ట్జ్ ప్రాంతపు గ్లైడ్ పాత్‌లో ఆరు డిగ్రీలు అవుతుంది. అందుకే ఇటువంటి కేబుళ్లను టేపుతో కొలిచి సరిపెట్టరు; కాస్త పొడవుగా కోసి, పనిచేసే పౌనఃపున్యం వద్దే పరికరంతో దశను చూస్తూ కొసను కొద్దికొద్దిగా కత్తిరించి, కనెక్టరు బిగించిన తరువాత మళ్లీ కొలుస్తారు. ఎండకు తీగ సాగి, బంధకం గుణం మారినా అన్నీ ఒకే తీరుగా మారేలా, ఒకే రకం కేబుల్‌నే అన్ని యాంటెనాలకూ వాడతారు.

ప్రాథమిక స్థాయి అయిన కేటగిరీ ఒకటి ఐఎల్‌ఎస్‌లో రన్‌వే మొదట్లో మధ్యరేఖ 10.5 మీటర్లకు, అత్యంత కఠినమైన కేటగిరీ మూడులో 3 మీటర్లకు మించి తప్పకూడదని అంతర్జాతీయ నిబంధన. పర్యవేక్షణకు నిర్ణయించిన హద్దు దాటి రేఖ జరిగితే పర్యవేక్షక పరికరం ట్రాన్స్‌మిటర్‌ను తనంతట తానే ఆపేస్తుంది. అది గాక, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు చెందిన తనిఖీ విమానాలు దేశంలోని ఐఎల్‌ఎస్‌ల మీదుగా నిర్ణీత వ్యవధుల్లో ఎగిరి ఆ రేఖను గాలిలోనే కొలుస్తాయి.