రొమ్ము పరీక్షకు ఎన్ని మార్గములు?

ఇల్లాలి ఆరోగ్యమే యింటికి పునాది యని మనమందఱము చెప్పుచుందుము. కాని ఆ పునాదిని ఒకసారి పరీక్షింపుమన్నచో వెనుకాడుదుము. పిల్లవానికి దగ్గు వచ్చినచో ఆ సాయంకాలమే వైద్యునియొద్దకు పరుగెత్తు తల్లి, తన రొమ్ములో గడ్డ తగిలినచో ఆఱు నెలలు మౌనముగా ఊరకుండును. ఈ మౌనమును గూర్చియు, దానిని భంగపఱచు మార్గములను గూర్చియు సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటించుటకే యీ వ్యాసము.

సికింద్రాబాదునకు ఈశాన్యమున కాప్రా కలదు. చెరువును ఆనుకొనిన పల్లె యిది. 1967లో ఈసీఐఎల్ కర్మాగారము స్థాపింపబడిన పిదప సైనికపురి, ఏ.ఎస్.రావు నగర్, కుషాయిగూడ మొదలగు పేటలతో కలిసిపోయి పట్టణమైనది. ఉద్యోగినులు, పింఛనుదారుల భార్యలు, కూలిపని చేసికొను స్త్రీలు ఇచ్చట పక్కపక్కనే కాపురముందురు. ఇట్టి పేటలలో రొమ్ము పరీక్ష మాట వచ్చినపుడు తఱచుగ వినబడు ప్రశ్న యొకటి కలదు: “మామోగ్రామ్ గాక వేఱు పరీక్ష లేదా?”

ఈ ప్రశ్న అవివేకమైనది కాదు. ఆ యంత్రము రొమ్మును రెండు పలకల నడుమ అదుముననియు, రేడియేషన్ తగులుననియు, ఖర్చగుననియు, పరాయివారియెదుట రవిక విప్పవలసి వచ్చుననియు భయము. ఒక్కొక్క భయమునందు కొంత సత్యము కలదు. కాని అడుగుట యెంత న్యాయమో, సరియైన జవాబును తెలిసికొనుట అంతకంటె ముఖ్యము. ఏలయన, 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ నమోదు నివేదికలో, వయోభేదములను సరిచేసి లెక్కింపగా, హైదరాబాదు జిల్లాలో లక్షమంది స్త్రీలలో ఏటా 48 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చుచున్నట్లు తేలినది. దేశమునందలి నమోదు కేంద్రములన్నింటిలో ఇదియే హెచ్చు. మన పెద్దలు రాచపుండని పేరు చెప్పుటకే భయపడిన వ్యాధి మన వీథిలోనిదే యని గ్రహింపవలెను.

మామోగ్రామ్ సంగతి

1913లో బెర్లిను నగరపు శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, కోసి తీసిన రొమ్ములను ఎక్స్-రే పటములు తీసి, చేతికి తెలియని గుర్తులు పటమున కనబడునని చూపెను. 1949లో ఉరుగ్వే దేశస్థుడు రౌల్ లెబోర్న్, రొమ్మును అదిమిపట్టినచో పటము స్పష్టమగునని కనుగొనెను. స్త్రీలు విసుగుకొను ఆ అదుముడు అచ్చటినుండి వచ్చినదే. అది నిరర్థకము కాదు. అదిమినకొలది పటము స్పష్టమగును, రేడియేషన్ తగ్గును. 1963లో న్యూయార్కున సుమారు 62,000 మంది స్త్రీలతో పెద్ద పరిశోధన యారంభమై, ఏటేట మామోగ్రామ్‌తోపాటు వైద్యుని పరీక్షయు జరిపినచో ఈ వ్యాధి వలని మరణములు తగ్గునని చూపెను.

రేడియేషన్ మాట. రెండు రొమ్ములకును కలిపి ఒకసారి తగులునది సుమారు 0.4 మిల్లీసీవర్టు. భూమినుండియు, ఆకాశమునుండియు, తిను తిండినుండియు ప్రతివారికి రెండు నెలలలో సహజముగ తగులు దానికి ఇది ఇంచుమించు సమానము. రేడియేషన్‌ను కొలుచు యంత్రములను చేయు కర్మాగారమే తమ పేటలో నుండగా, కాప్రా స్త్రీలు ఈ లెక్కకు బెదరవలసిన పనిలేదు.

అట్లని మామోగ్రామ్ లోపరహితమైనది కాదు. యౌవనమున రొమ్ము కండ దట్టముగ నుండుటచే పటము తెల్లగా కనబడును; గడ్డయు తెల్లగానే కనబడును. అందుచే పడుచువారిలో అది కొన్ని గడ్డలను కనిపెట్టజాలదు. మఱికొన్నిసార్లు లేని జబ్బును ఉన్నట్లు తోపించి, అనవసరముగ సూది పరీక్షకు త్రిప్పును. ప్రాణమునకు ముప్పు తేని మందకొడి కణితులను సయితము పట్టి చికిత్సకు పాలుచేయుట కలదు. ఈ లాభనష్టములను తూచియే అమెరికా నిపుణుల సంఘము 2024లో 40 మొదలు 74 ఏండ్లవఱకు రెండేండ్లకొకసారి చేయించుకొనుమని చెప్పినది. మన దేశమున అందఱు స్త్రీలకును మామోగ్రామ్ చేయు ప్రభుత్వ పథకము లేదు.

తన చేయి

ఇక ఖర్చులేని సాధనము మన చేయియే. నెలకొకసారి అద్దము ముందు నిలిచి తడిమి చూచుకొనుమని చాలకాలముగ బోధించుచు వచ్చిరి. దీనిని పరీక్షింపగోరి చైనా దేశపు షాంఘై నగరమున 2,66,064 మంది బట్టల మిల్లుల పనికత్తెలను రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమువారికి శ్రద్ధగా నేర్పి, పదేండ్లు కనిపెట్టి చూచిరి. 2002లో వెలువడిన ఫలితము నిరాశ కలిగించెను. నేర్చినవారిలోను నేర్వనివారిలోను మరణములు ఇంచుమించు సమానమే. పైపెచ్చు నేర్చినవారిలో అపాయములేని గడ్డల కొఱకు కోతలు హెచ్చెను.

దీనినిబట్టి తన దేహమును తాను ఎఱుగనక్కఱలేదని తీర్మానింపరాదు. తేదీ ప్రకారము తడుముకొని బెంగపెట్టుకొనుట వేఱు. తన రొమ్ము సహజముగ ఎట్లుండునో యెఱిగి, మార్పు రాగానే గుర్తించుట వేఱు. ఈ రెండవది ప్రతి స్త్రీకిని ఆవశ్యకము. నొప్పిలేని గట్టి గడ్డ, చర్మము గుంటపడుట లేక నారింజ తొక్కవలె నగుట, చనుమొన లోనికి పోవుట, దానినుండి నెత్తురు వచ్చుట, చంకలో గడ్డ — ఇవి మార్పులు. నొప్పి లేదుగదా యని ఊరకుండుట మన యిండ్లలో జరుగు పెద్ద పొరపాటు. ఈ వ్యాధి ఆరంభమున చాలవఱకు నొప్పి పెట్టదు.

శిక్షణ పొందిన చేయి

మామోగ్రామ్‌కు మాఱుగ మన దేశమున నిజముగ పరీక్షకు నిలిచిన మార్గము, శిక్షణ పొందిన స్త్రీ చేతితో జరుగు పరీక్ష. ముంబయి టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో ఆ నగరపు బస్తీలలో 35 మొదలు 64 ఏండ్ల వయసుగల 1,51,538 మంది స్త్రీలతో ఒక మహాప్రయత్నము నారంభించిరి. పరీక్షించినవారు వైద్యులు కారు; హైస్కూలు చదువు చదివి, కొలది వారముల శిక్షణ పొందిన స్త్రీలు. రెండేండ్లకొకసారి నాలుగు పర్యాయములు పరీక్షించి, ఆపై యిండ్లకు పోయి విచారించుచుండిరి. రెండవ వర్గమువారికి వ్యాధినిగూర్చిన బోధ మాత్రము జరిగెను.

ఇరువది యేండ్ల ఫలితము 2021లో వెలువడినది. వ్యాధి ముదిరిన దశలో బయటపడినవారు రెండవ వర్గమున నూటికి 47 మందికాగా, పరీక్ష పొందిన వర్గమున 37 మంది. ఏబది యేండ్లు దాటినవారిలో మరణములు నూటికి ఇంచుమించు ముప్పదివంతులు తగ్గెను. ఏబదికి లోపలివారిలో మాత్రము మరణములు తగ్గినట్లు తేలలేదు. విద్యుత్తు లేదు, యంత్రము లేదు; సాటి స్త్రీ యొక్క పది వ్రేళ్లే యీ పని చేసినవి.

మన తెలుగునాట సయితము ఈ మార్గము అనుసరింపబడినది. తల్లియగు డాక్టర్ ఉషాలక్ష్మిగారు ఈ వ్యాధి బారిన పడిన పిదప, శస్త్రవైద్యులు డాక్టర్ పి. రఘురామ్‌గారు 2007లో హైదరాబాదున ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్‌ను స్థాపించిరి. ఆ సంస్థ 2012 మొదలు 2016 వఱకు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ నిప్పించి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గ్రామములలో రెండు లక్షలకు పైబడిన పేద స్త్రీలకు చేతి పరీక్ష జరిపించెను.

2016లో కేంద్ర ఆరోగ్యశాఖ వెలువరించిన మార్గదర్శకములు, ముప్పది యేండ్లు నిండిన స్త్రీలకు ఐదేండ్లకొకసారి ఇట్టి పరీక్ష జరుపుమని చెప్పుచున్నవి. తెలంగాణ ప్రభుత్వము 2023 మార్చి 8వ తేదీన ‘ఆరోగ్య మహిళ’ పథకము నారంభించి, మంగళవారములందు స్త్రీలకే ప్రత్యేకముగ ఏర్పఱచిన వైద్యశాలలలో ఈ పరీక్షను చేర్చెను. ఒక్క మాట గమనింపుడు: ముంబయిలో ఫలము నిచ్చినది రెండేండ్లకొక పరీక్ష. కావున ఐదేండ్ల వఱకు ఆగక, నడుమ మీరే అడిగి చేయించుకొనుట మేలు.

ఈ సందర్భమున మఱియొక చక్కని సంగతి. జర్మనీ దేశపు స్త్రీవైద్య నిపుణుడు ఫ్రాంక్ హాఫ్‌మన్, అంధ స్త్రీలకు వ్రేళ్లయందుండు సూక్ష్మ స్పర్శజ్ఞానమును రొమ్ము పరీక్షకు వినియోగింపదలచెను. వక్షమున స్పర్శకు తెలియు గుర్తులుగల పట్టీలను అంటించి, వానిని ఆనవాలుగ గొని అంగుళమంగుళము తడిమి చూచుట ఆ పద్ధతి. మన దేశమున ఢిల్లీలో అంధ స్త్రీలకు ఈ విద్య నేర్పబడుచున్నది. చూపులేని సోదరి యొక్క యెదుట సిగ్గు తగ్గును. ఆమెకు గౌరవమైన జీవనోపాధి దొరకును.

ధ్వని, అయస్కాంతము, వేడి

అల్ట్రాసౌండ్ చెవికి వినరాని ధ్వనితరంగములతో పనిచేయును. రేడియేషన్ లేదు, అదుముడు లేదు. నలుబది యేండ్లకు లోపలివారికిని, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును గడ్డ తగిలినచో మొదట చేయదగినది ఇదియే. గడ్డ నీటితిత్తియో గట్టి కణితియో చెప్పగలదు. కాని మామోగ్రామ్ చూపు సన్నని సున్నపు రవ్వలను ఇది చక్కగా చూపజాలదు. కనుక ఏబది దాటినవారికి దానికి బదులు కానేరదు, తోడు కాగలదు.

ఎమ్మారై అయస్కాంత శక్తితో పటములు తీయును. ఖర్చు హెచ్చు. తల్లికో అక్కచెల్లెండ్రకో చిన్నవయసున ఈ వ్యాధి వచ్చి, వంశపారంపర్య దోషము రక్తపరీక్షలో తేలినవారికి వైద్యులు దీనిని చెప్పుదురు. అందఱికిని అక్కఱలేదు.

ఇక వేడిని కొలుచు థర్మోగ్రఫీ. 1956లో కెనడా వైద్యుడు రే లాసన్, కణితియున్నచోట చర్మము వేడిగ నుండునని గమనించెను. తాకనక్కఱలేదు, నొప్పి లేదు, రేడియేషన్ లేదు; కనుక స్త్రీల మనసు దీనిమీదికి పోవుట సహజము. అపాయమును ఇచ్చటనే కలదు. అన్ని కణితులును వేడి పుట్టింపవు. జబ్బులేని రొమ్ము సయితము వాపుచేతను ఋతుకాలముచేతను వేడెక్కును. దీనిని మామోగ్రామ్‌కు బదులుగ నమ్మరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011, 2017, 2019 సంవత్సరములలో ప్రజలను హెచ్చరించెను. ఉష్ణచిత్రములను కంప్యూటరు సాయమున పరిశీలించు పద్ధతులు ఇటీవల మన దేశమున వచ్చినవి. వానివలన మరణములు తగ్గునని దీర్ఘకాల పరిశోధన ఏదియు ఇంకను చూపలేదు. ఇట్టి పరీక్షలో ‘బాగున్నది’ అని వచ్చినదని, చేతికి తగులుచున్న గడ్డను విడిచిపెట్టుట ప్రాణాపాయము.

గడ్డ తగిలినవారి మాట వేఱు

సోదరీమణులు ముఖ్యముగ జ్ఞాపకముంచుకొనవలసిన భేదమొకటి కలదు. ఏ లక్షణమును లేనివారు ముందుజాగ్రత్తకై చేయించుకొను పరీక్షలలోనే ‘ఇది గాక అది’ అని యెంచుకొనుటకు వీలు కలదు. గడ్డ తగిలినవారికి ఎంపిక లేదు. వారికి మూడు జరుగవలెను: వైద్యుని చేతి పరీక్ష, మామోగ్రామ్ లేక అల్ట్రాసౌండ్ పటము, అక్కఱయైనచో సూదితో చిన్న ముక్క తీసి చూచుట. మూడును కలిసినపుడే నిజము తేలును.

“సూది పొడిచినచో జబ్బు పాకును, కత్తి తగిలినచో రెచ్చును” అని అమ్మలక్కలు చెప్పు మాట నిజము కాదు. పాకించునది సూది కాదు, ఆలస్యము. రొమ్ములో తగులు గడ్డలలో అధికభాగము అపాయములేనివే. ఆ శుభవార్త తెలియుటకైనను పరీక్ష కావలెనుగదా! క్యాన్సరే యని తేలినను, చిన్నదిగ నుండగా పట్టుబడినచో రొమ్మంతయు తీయనక్కఱలేక గడ్డను మాత్రము తీయుట పెక్కుమంది విషయమున సాధ్యమగుచున్నది.

మనము చేయవలసినది

ముప్పది యేండ్లు నిండినవారు దగ్గఱనున్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు పోయి ఏ.ఎన్.ఎం. అమ్మను చేతి పరీక్ష అడుగవలెను. నలుబది దాటినవారు, ముఖ్యముగ ఏబది దాటినవారు, మామోగ్రామ్ సంగతి వైద్యురాలితో మాటాడవలెను. స్త్రీయే పటము తీయవలెనని కోరుటకు సంకోచింపనక్కఱలేదు. కుటుంబములో ఈ వ్యాధి యున్నవారు ఏ వయసువారైనను ముందుగనే చెప్పుకొనవలెను.

జబ్బు తేలినవారికి నగరమున ఆశ్రయములు లేకపోలేదు. మెహదీ నవాజ్ జంగ్ పేర 1955లో వెలసిన ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వముది. భార్య బసవతారకమ్మగారిని క్యాన్సర్ వలన కోల్పోయిన నందమూరి తారక రామారావుగారి సంకల్పమున పుట్టినది 2000లో తెఱవబడిన బసవతారకం ఆసుపత్రి. పేదలకు 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సర్ చికిత్సకు సయితము అక్కఱకు వచ్చును.

ఖర్చును గూర్చి యింట మగవారు అడ్డుపడుదురని మనము చెప్పుకొందుము. కాని తఱచుగ అడ్డుపడునది మన మనసే: పిల్లవాని ఫీజు కట్టిన పిదప, ఆడబడుచు పురుడు గడచిన పిదప, పండుగ దాటిన పిదప అని వాయిదా వేయుదుము. గడ్డ మాత్రము పండుగల కొఱకు ఆగదు. అత్తయు కోడలును, ఇరుగుపొరుగువారును ఒకనాడు కూడబలుకుకొని కలిసిపోయినచో సిగ్గు సగము తగ్గును, భయము సగము తగ్గును. బజారునకు కలిసిపోవు మనకు అదియంత కష్టము కాదు. యంత్రమైనను, ధ్వనియైనను, సాటి స్త్రీ చేయియైనను, నమ్మదగిన మార్గమొకటి మనకు కలదు. వేళకు ఆ గడప దాటుటయే మన పని.