ధ్వనిని తీర్చిదిద్దు వడపోత

ఒకే శ్రుతిలో ‘ఆ’, ‘ఈ’, ‘ఊ’ అని వరుసగా పలికినపుడు స్వరతంత్రుల కంపనవేగము మారదు. మారునది నోటి ఆకారము. అయినను మూడును వేర్వేరు అచ్చులుగా వినవచ్చును. కంఠధ్వనిలో కొన్ని భాగములను నోరు బలపరచి, కొన్నిటిని అణచుటయే ఇందుకు కారణము. ఎలక్ట్రానిక్ సింథసైజరులో ఇట్టి పని చేయునది వడపోత వలయము. దీనినే ఫిల్టరు అందురు.

సెకనుకు 100 కంపనములు గల రంపపుపంటి తరంగమును తీసికొందము. అందు 200, 300, 400 కంపనములు గల ఉపస్వరములు కూడ ఉండును. మూలస్వరముతో పోల్చిన వాని కంపన పరిమితులు వరుసగా సగము, మూడవ వంతు, నాలుగవ వంతు. ఉపస్వరములు ఇంత దట్టముగా ఉండుటచేతనే ఈ ధ్వని కరకుగా తోచును.

వడపోతకు ఒక హద్దు ఉండును. దానికి దిగువనున్న స్వరములు దాదాపు యథాతథముగ సాగిపోవును, ఎగువనున్నవి క్షీణించును. హద్దును దించినకొలది ధ్వని మెత్తబడును. శ్రుతి మాత్రము మారదు.

అమెరికా ఇంజనీరు రాబర్ట్ మోగ్ 1964లో తన సింథసైజరును ప్రదర్శించెను. ఆయన రూపొందించిన వడపోతకు 1969లో పేటెంటు లభించినది. ఇందు ట్రాన్సిస్టరు జంటలును, కండెన్సర్లును నిచ్చెన మెట్లవలె నాలుగు అంతస్తులుగా అమరియుండును. ట్రాన్సిస్టర్లలో విద్యుత్ప్రవాహము హెచ్చినకొలది అవి సంకేతమునకు చూపు నిరోధము తగ్గి, హద్దు పైకి జరుగును. హద్దునకు చాల ఎగువన, పౌనఃపున్యము రెట్టింపైనపుడెల్ల సంకేతము సుమారు పదహారవ వంతుకు పడిపోవును.

ఈ హద్దును చేతితోనే త్రిప్పనక్కరలేదు. వోల్టేజి దానిని జరుపగలదు. ఇదియే ముఖ్య విశేషము. మీట నొక్కగానే వోల్టేజి లేచి, పిదప మెల్లగా దిగునట్లు ఏర్పరచినచో, ధ్వని మొదట ఖంగున మ్రోగి క్రమముగా మెత్తబడును. వీణ తీగను మీటినపుడును పై ఉపస్వరములే సాధారణముగా ముందు అణగును. కావున యంత్రధ్వనికి మీటిన తీగ పోలిక వచ్చును.

వెలువడిన సంకేతములో కొంత భాగమును తిరిగి మొదటికి పంపినచో, హద్దు సమీపమున ఉన్న ఉపస్వరములు బలపడును. దీనికి అనునాదమని పేరు. అప్పుడు హద్దును పైకి జరిపిన, ‘ఊ’ నుండి ‘ఆ’కు నోరు తెరచినట్లు వినవచ్చును. తిరిగి పంపు భాగము మితిమీరిన, ఏ ధ్వనియు లోనికి పోకున్నను వడపోత తానే ఈల వేయును.

నేడు అనేక వాద్యములలో ఈ పనిని అంకెల గణనతో చేయుచున్నారు. సూత్రము మాత్రము అదియే. మూలధ్వనిలో లేని ఉపస్వరమును వడపోత బలపరచజాలదు. అందుచేతనే రంపపుపంటి తరంగమువంటి నిండైన ధ్వనితో ప్రారంభించి, అక్కరలేనిదానిని తగిన వేళకు తొలగింతురు.