మూకుడు నుంచి ట్యాంకుకు
వాడిన వంటనూనెను ఇంట్లోనే వడకట్టి బండిలో పోయొచ్చా? ఆలోచన పాతదే, పద్ధతీ తేలికే. చిక్కంతా వడకట్టినా పోని వాటితోనే

సాయంత్రమయ్యేసరికి ఫరీదాబాద్ ఎన్ఐటీ మార్కెట్లో సమోసాల మూకుళ్లు సలసల కాగుతుంటాయి. దుకాణాలు కట్టేసే వేళకు వాటి అడుగున మిగిలేది నల్లబడిన జిగట నూనె. అదే నగరంలోని సెక్టార్ 13లో ఇండియన్ ఆయిల్ 1972లో నెలకొల్పిన పరిశోధన కేంద్రం ఉంది. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా పొదుపరులైన వాహనదారులకు తట్టే ప్రశ్న ఈ రెండింటినీ కలుపుతుంది: ఆ నూనెను వడకట్టి బండిలో పోస్తే సరిపోదా?

నవ్వి కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు. చూసినవారిలో చాలామంది ఆ సంగతి గమనించనే లేదని ఇంజన్ సృష్టికర్త రుడాల్ఫ్ డీజిల్ తర్వాత రాశారు.

ఇంట్లో చేసే పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. చల్లారిన నూనెను కొన్ని రోజులు కదపకుండా ఉంచితే మాడిన పిండి, నీరు అడుక్కు దిగుతాయి. పైతేటను మందపాటి నూలుగుడ్డలో, ఆ తర్వాత 5 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకడతారు. మిగిలిన తేమ పోయేలా సన్నని సెగ మీద వేడిచేస్తారు. కాలిన పెనం మీద చెంచాడు నూనె వేసినప్పుడు చిటపటలాడితే నీరు ఇంకా ఉన్నట్టే.

అయితే గుడ్డ పట్టేది మురికినే తప్ప చిక్కదనాన్ని కాదు. 40 డిగ్రీల వేడి వద్ద డీజిల్ స్నిగ్ధత 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ ఉండాలన్నది మన ప్రమాణం. వంటనూనెల్లో అది సాధారణంగా 30కి పైనే. అంత చిక్కటి ద్రవం ఇంజెక్టర్ నుంచి పొగమంచులా కాక ధారలా పడుతుంది. సరిగా మండదు. నాజిల్ మీద మసి పేరుకుంటుంది. మండని నూనె ఇంజన్ ఆయిల్‌లోకి జారి, క్రమంగా దాన్ని బంకలా మారుస్తుంది. పదేపదే కాగిన నూనెలో పుట్టే ఆమ్లాలు లోహాన్ని తింటాయి. ఈ నష్టం ఒక్క రోజులో కనిపించదు. బండి మొదట్లో హాయిగానే నడుస్తుంది, మోసమంతా అక్కడే ఉంది.

అందుకే విదేశాల్లో ఈ ప్రయోగం చేసినవారు బండికి రెండు ట్యాంకులు పెట్టుకున్నారు. డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడితో నూనె పలచబడ్డాక దానికి మారతారు. ఆపేముందు మళ్లీ డీజిల్‌కు వస్తారు. అదైనా పాతకాలపు ఇంజన్లే తట్టుకుంటాయి. అధిక పీడనంతో ఇంధనాన్ని చిమ్మే నేటి కామన్ రైల్ ఇంజన్లకు అది సాహసమే.

ఫరీదాబాద్‌లో మరో రెండు చిక్కులున్నాయి. మొదటిది చలి. వేపుళ్లకు ఎక్కువగా వాడే పామోలిన్ డిసెంబరు, జనవరి ఉదయాల్లో పేరుకుపోయి ఫిల్టర్‌ను మూసేస్తుంది. రెండోది చట్టం. ఈ నగరం దేశ రాజధాని ప్రాంతంలో భాగం. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు చర్యల నుంచి ఇచ్చిన ఊరట బీఎస్-4, ఆపై వాహనాలకే పరిమితం. అంటే వంటనూనెను భరించగల పాత బండికి ఇక్కడ రోడ్డు మీద చోటు లేదు. చోటున్న కొత్త బండి ఆ నూనెను భరించలేదు.

దీనికి ప్రయోగశాలల్లో ఎప్పుడో దొరికిన జవాబు బయోడీజిల్. సుమారు 100 కిలోల నూనెకు 10 కిలోల మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి చర్య జరిపిస్తే దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. నూనె అణువే మారుతుంది కాబట్టి చిక్కదనం డీజిల్ దరిదాపులకు దిగుతుంది. కానీ ఇది వంటింట్లో చేసే పని కాదు. కల్తీ సారా తాగినవారి కళ్లు, ప్రాణాలు తీసేది ఈ మిథనాలే. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, మంట పగటి వెలుగులో సరిగా కనబడదు కూడా. కాకినాడలోని యూనివర్సల్ బయోఫ్యూయల్స్ వంటి ప్లాంట్లు చేయాల్సిన పని ఇది.

మరి వాడిన నూనె అక్కడికి చేరుతోందా? అసలు పోటీ డీజిల్‌తో కాదు, మరో మూకుడుతో. పెద్ద వంటశాలలు వదిలేసిన నూనె తక్కువ ధరకు చిన్న బండ్లకు చేరి మళ్లీ కాగుతుంది. దీన్ని అరికట్టేందుకే ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే వాడరాదన్న నిబంధనను 2018 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో వాడిన నూనెను ఇంధనంగా మార్చే ‘రూకో’ కార్యక్రమం మొదలుపెట్టింది. రోజుకు 50 లీటర్లకు పైగా వేపుళ్లకు వాడేవారు లెక్క రాయాలని 2019 మార్చి నుంచి ఆదేశించింది.

దేశంలో ఏటా వాడే 2,700 కోట్ల లీటర్ల వంటనూనెలో 140 కోట్ల లీటర్లు సేకరించవచ్చని, దానితో 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ తయారవుతుందని 2019లో ప్రభుత్వం అంచనా వేసింది. అదే ఏడాది చమురు సంస్థలు 100 నగరాల్లో ఈ బయోడీజిల్ కొనుగోలుకు ముందుకొచ్చాయి. తొలి ఏడాది ధర లీటరుకు రూ. 51. ఈ పథకం కింద తయారైన తొలి సరఫరా 2021 మేలో ఢిల్లీలోని టిక్రీ కలాన్ టెర్మినల్ నుంచి బయల్దేరింది. కానీ సేకరణ, రవాణా, శుద్ధి ఖర్చులన్నీ ఆ ధరలోనే సర్దాలి. వంటనూనె ధర అంతకు మించి పెరిగినప్పుడు దుకాణదారుకు ఎవరు ఎక్కువిస్తారు? ఇంధనం తయారుచేసే ప్లాంటా, పక్క వీధి పకోడీల బండా? పథకానికి అసలు పరీక్ష ఇదే.

ఇంటి లెక్క చిన్నది. నెలకు అర లీటరు చొప్పున దాచినా ఏడాదికి 6 లీటర్లే. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు దానితో 90 కిలోమీటర్లు పోతుంది. ఫరీదాబాద్ నుంచి ఆగ్రాకు సగం దారి. దానికోసం ఇంజన్‌ను పణంగా పెట్టడం పొదుపు కాదు. ఆ నూనెను సింకులో పారబోయకుండా, మళ్లీ కాచకుండా, సీసాలో పోసి సేకరించేవారికి ఇవ్వడమే మేలు. వడకట్టడానికి పడే శ్రమలో సగం కూడా అందుకు అక్కర్లేదు.